మేస్త్రీ కోసం నలభై రోజులు

కిందటి నెలలో మా సంఘం పాస్టరుగారి భార్య, నా కూతురి ఈడు పిల్ల, నరసరావుపేటలో మా ఇంటికి వచ్చి, కుర్చీ అంచున వినయంగా కూర్చుని, స్త్రీల కూడికలో ఈసారి మీరు పది నిమిషాలు మాట్లాడాలండీ, క్రైస్తవ జీవితంలో ప్రార్థన ప్రయోజనం, ప్రార్థన విలువ అన్నదే అంశం, పెద్దవారు కదా, మీ అనుభవంలోంచి ఏదైనా సాక్ష్యం చెబితే చిన్నవాళ్ళకు బలంగా ఉంటుంది అని అడిగి వెళ్ళింది. వెళ్ళాను, చెప్పాను. మావారి గుండె ఆపరేషను సంగతి, నెలలు నిండకుండా పుట్టిన మనవడు బతికి బట్టకట్టిన సంగతి చెబితే అందరూ స్తోత్రం అన్నారు, చివర సమోసాలు, టీ ఇచ్చారు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే నామీద నాకే అసహ్యం వేసింది. ఎందుకంటే, నేను జీవితంలో అన్నిటికన్నా ఎక్కువ కాలం, అన్నిటికన్నా మనసు పెట్టి చేసిన ప్రార్థన వేరే ఒకటుంది. ఒక మనిషి నాశనమైపోవాలని చేసిన ప్రార్థన అది. ఒకరోజూ రెండ్రోజులూ కాదు, దగ్గర దగ్గర నలభై ఏళ్ళు చేశాను. ఆ మాట మైకులో చెబితే ఆ పిల్ల అక్కడే కళ్ళు తిరిగి పడిపోయేది. మీరు నా ఈడువాళ్ళు, ఇలాంటివి చూసినవాళ్ళు, పడిపోరు గనక మీకు చెబుతున్నాను.

ఎనభైలలో మేము గురజాలకు దగ్గర్లోని ఒక పల్లెలో ఉండేవాళ్ళం. ఊరికి పడమట సున్నపురాయి క్వారీ ఉండేది. మా పేటలో మగవాళ్ళు చాలామంది అందులోనే పని చేసేవాళ్ళు, తెల్లవారగానే అన్నం గిన్నె గుడ్డలో మూటగట్టుకుని వెళ్ళి, పొద్దు వాలేటప్పటికి నెత్తినుంచి కాళ్ళదాకా తెల్లటి దుమ్ముతో తిరిగి వచ్చేవాళ్ళు, గొంతు వింటే తప్ప ఎవరు ఎవరో తెలిసేది కాదు. మా నాన్న రాయి కొట్టేవాడు. చదువు రాదు, సంతకం కూడా రాదు, కాని గుడిలో పాడే పాటలన్నీ మొదటినుంచి చివరిదాకా నోటికి వచ్చు. సంఘ పెద్ద కూడా ఆయనే, ఆదివారం గంట కొట్టే పనీ ఆయనదే. తాగుడన్నది ఆయన ఎరగడు. ఒకసారి దగ్గుకు మందు తెస్తే దాని వాసన చూసి, ఇదేదో తేడాగా ఉందే అని సీసా మూత బిగించి పక్కన పెట్టిన మనిషి. ఆయనకున్న వ్యసనమల్లా ఒక్కటే, అన్నం ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నాడంటే మా పేటలో ఉన్నవాళ్ళందరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పిగాని కళ్ళు తెరిచేవాడు కాదు. అమ్మకు ఒళ్ళు మండేది. పిల్లి వచ్చి కూరగిన్నెలో మూతి పెట్టినా కళ్ళు తెరవ్వేందయ్యా, దేవుడికి మాత్రం ఆకలెయ్యదా అని విసుక్కునేది.

క్వారీలో మేస్త్రీగా ఉన్నాయన కూడా మా పేట మనిషే, మా సంఘమే, గుడిలో నాన్న పక్కనే చాప మీద కూర్చునేవాడు. రక్తసంబంధం లేకపోయినా నాన్న ఆయన్ని అన్నా అనేవాడు, నేను పెదనాన్నా అనేదాన్ని. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిరిగినవాడే. అంచేతనే ఆ తరువాత జరిగినదానికి నా కడుపు అంతగా మండింది, పరాయివాడు చేసి ఉంటే అంత మండేది కాదేమో.

క్వారీలో రాయి పగలగొట్టడానికి తూటాలు పేల్చేవాళ్ళు. దానికొక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం అన్నాల వేళకు మేస్త్రీ మూడుసార్లు ఈల ఊదాలి. మొదటి ఈలకు పనిముట్లు వదిలెయ్యాలి, రెండో ఈలకు అందరూ రాళ్ళగుట్ట వెనక్కి వెళ్ళిపోవాలి, మూడో ఈల ఊది, ఎవరూ మిగల్లేదని చూసుకున్నాకనే వత్తికి నిప్పు పెట్టాలి. ఆ రోజున ఈల మోగలేదు. లారీలు వచ్చి వరసగా నిలబడి ఉన్నాయి, రాయి కావాలని డ్రైవర్లు గోల చేస్తున్నారు, మేస్త్రీ నిప్పు పెట్టించేశాడు. నాన్న కాస్త ఎడంగా ఒక బండ నీడన గిన్నె ముందు పెట్టుకుని, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని పేటలో పేర్లు చెప్పుకుంటూ ఉన్నాడు. తూటా పేలి ఎగిరిన రాయి ఆయన కుడికాలి మీద పడింది. గుంటూరు ఆసుపత్రిలో మోకాలి కిందకు తీసేశారు.

కాలు పోయినందుకు నేను ఎవరినీ శపించలేదు. క్వారీ పనిలో వేళ్ళు పోయినవాళ్ళు, కన్ను పోయినవాళ్ళు మా పేటలో ఇంటికొకరు ఉన్నారు, అదొక బతుకు అనుకునేవాళ్ళం. నాన్న ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే క్వారీ యజమాని తరపున ఒక ఆఫీసరు విచారణకు వచ్చి, రేకుల షెడ్డు కింద కుర్చీ వేసుకుని ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు. మేస్త్రీ ఏం చెప్పాడో తెలుసా? ఈల మూడుసార్లూ ఊదానండీ, వాడు తాగి పడుకున్నాడు, లేవలేదు అన్నాడు. పక్కన పనిచేసినవాళ్ళు తల ఊపి వేలిముద్రలు వేశారు. వాళ్ళనేమంటాం, మర్నాడు పని ఉండాలి కదా. కాని ఆ అబద్ధం షెడ్డు దగ్గర ఆగలేదు, గుడిలోకీ వచ్చింది. సంఘ పెద్ద తాగాడని కాగితం మీద రాసి ఉంటే ఊరుకోకూడదట! నాన్నను పెద్దరికం నుంచి తీసేశారు, ఏడాదిపాటు ప్రభు సంస్కారంలో రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకూడదన్నారు, ఆయన స్థానంలో మేస్త్రీని పెద్దగా పెట్టారు. మా గుడికి కొత్త రేకులు క్వారీ యజమాని ఇచ్చినవే, తెచ్చి దింపించింది మేస్త్రీయే. ఇంకేం చెప్పమంటారు.

నాన్న కర్ర పోటు వేసుకుని గుడికి వచ్చి వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. రొట్టె, ద్రాక్షరసం పళ్ళెం ఆయన ముందునుంచే దాటి వెళ్ళేది. దాన్ని పట్టుకుని వచ్చేది మేస్త్రీ. ఆ పళ్ళెం దాటిపోతున్నప్పుడు నాన్న కళ్ళు దించుకునే తీరు చూసి, నాకు ఆ మనిషిని అక్కడికక్కడే నిలువునా చీరేయాలనిపించేది. నాన్న ఎవరితోనూ వాదించలేదు. ఇంట్లో కూడా ఆ పేరు ఎత్తేవాడు కాదు. కాని అన్నం ముందు పేటవాళ్ళ పేర్లు చెప్పడం మానేశాడు. కళ్ళు మూసుకుని, స్తోత్రం తండ్రీ అని ఒక్కమాట అనేసి ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. ఇన్నాళ్ళూ విసుక్కున్న అమ్మ ఇప్పుడు కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేది.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. మాచర్లలో ఇంటరు పూర్తిచేసి టీచరు ట్రైనింగు సీటు కోసం చూస్తున్నాను. అప్పటిదాకా ప్రార్థనంటే నాకు ఆవలింత. మేస్త్రీ పుణ్యమా అని ప్రార్థన నేర్చుకున్నాను. తెల్లవారుజామునే లేచి, దొడ్లో గడ్డివామి పక్కన మోకరించి, పళ్ళు కొరుక్కుంటూ చేసేదాన్ని. వాడి నాలుక పుచ్చిపోవాలి ప్రభువా, వాడి కాలు కూడా పోవాలి, వాడి ఇంటి వాసాలు వాడి నెత్తినే పడాలి, ఆ పళ్ళెం పట్టుకున్న చేతులు వణికి జనం ముందు రొట్టె కింద పడాలి. దేవుడికి సందేహం కలగకుండా ఇంటి గుర్తులతో సహా చెప్పేదాన్ని. గుడిలో అందరం కలిసి పరలోక ప్రార్థన చెప్పేటప్పుడు మాకు కీడు చేసినవాళ్ళను క్షమించామనే మాట వచ్చే చోట నోరు గట్టిగా మూసేసుకుని, అది దాటాక మళ్ళీ అందుకునేదాన్ని. దేవుడి దగ్గర అబద్ధం ఆడకూడదు కదా, ఆ ఒక్క విషయంలో నేను నిజాయితీపరురాలినే. మనసు చెదరడమన్నది ఎరగను. ఆ రోజుల్లో నేను చేసినంత ఏకాగ్రతగా మా పాస్టరుగారు కూడా చేసి ఉండరు.

మా సంఘంలో ఒక ఆచారం ఉండేది. ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమల దినాలు మొదలయ్యే ఆదివారం, ప్రతి ఇంటివాళ్ళూ ఎవరికోసమైతే ప్రార్థన కావాలో ఆ ఒక్క మనిషి పేరు చీటీ మీద రాసి ఒక కొత్త కుండలో వేసేవాళ్ళు. కారణం రాయకూడదు, పేరు ఒక్కటే. తరువాత ఇంటికొకరు వెళ్ళి ఒక చీటీ తీసుకోవాలి. తమ ఇంటి చీటీయే వస్తే మళ్ళీ కుండలో వేసి వేరేది తీసుకోవాలి. ఏ పేరు వస్తే ఆ మనిషి మేలు కోసం నలభై రోజులూ ప్రార్థన చేయాలి, ఎవరి పేరు వచ్చిందో పండుగదాకా బయటికి చెప్పకూడదు. ఈస్టరు నాడు తెల్లవారి సమాధుల దగ్గర ఆరాధన అయ్యాక వెళ్ళి ఆ మనిషి చెయ్యి పట్టుకుని, నీకోసం చేశాను అని చెప్పాలి.

చదువుకున్నదాన్ని గనక చీటీలు రాసే పని పాస్టరమ్మగారు నాకు అప్పజెప్పారు. గుడి వసారాలో బల్ల వేసుకుని కూర్చుంటే ఒక్కొక్కరే వచ్చి వంగి నా చెవిలో పేరు చెప్పేవాళ్ళు. మా పేట అవ్వ ఒకావిడ, నా గేదె చూడిదే, దాని పేరు రాయి అంది. మనుషుల పేర్లే రాయాలవ్వా అంటే, మనుషులకంటే అదే నయంగా చూస్తా ఉంది నన్ను అని దెబ్బలాడి, చివరికి గేదెను మేపేవాడి పేరు రాయించుకుని పోయింది. మా ఇంటి వంతు వచ్చినప్పుడు నాన్న కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి నా చెవి దగ్గర వంగి, నీ పేరే రాయవే, సీటు రావాల గందా అన్నాడు. సరే నాన్నా అన్నాను. ఆయన వెనుదిరిగాక, చీటీ మీద నా పేరు బదులు మేస్త్రీ పేరు రాశాను.

ఎందుకు రాశానంటే, నేనొక్కదాన్నే అడిగితే చాలడం లేదనిపించింది. దేవుడి చెవిలో ఆ పేరు ఇంకొక గొంతుతో కూడా పడితే అటు చూస్తాడు, చూస్తే వాడి అబద్ధం కనపడుతుంది, అప్పుడు వాడి సంగతి తేలుస్తాడు అని లెక్కవేసుకున్నాను. నా బుద్ధికి తట్టనిదేమిటంటే, చీటీలో పేరు చూసినవాళ్ళు ఆ మనిషి మేలు కోరతారు గాని కీడు కోరరు. కారణం రాయకూడదన్న నియమం నా నెత్తిమీదికే వచ్చింది.

కుండలోంచి చీటీ తీసుకుని నాన్న ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని దాన్ని నా చేతికిచ్చాడు. ఎవురొచ్చారే మనకి, చదువు అన్నాడు. విప్పితే నా చేతిరాతే, అంత గుడిలో ఆ చీటీ మా ఇంటికే వచ్చింది. అది మన ఇంటి చీటీయే నాన్నా, వెనక్కి వేసిరా అనాలి. అంటే నేనేం చేశానో చెప్పుకోవాలి. ఏదో ఒక పేరు చెప్పేసినా ఆయనకేం తెలుస్తుంది, చదువు రానివాడు. నేనేమో, సిగ్గు లేకుండా చెబుతున్నాను, మంచిదే అనుకున్నాను. ఇక నాన్నకు కూడా తప్పదు, ఆ పేరు నోట పెట్టుకుని దేవుడి ముందు కూర్చుంటే ఆయన గుండెలోని మంట కూడా బయటికి వస్తుంది, ఇద్దరం కలిసి అడుగుతాం అనుకుని, ఉన్న పేరు ఉన్నట్టుగా చదివాను.

నాన్న చెయ్యి చాపాడు. చీటీ అడిగి తీసుకుని, తలకిందులుగా పట్టుకుని చూశాడు. ఇంకోసారి చదువు అన్నాడు. చదివాను. ముఖం నల్లగా అయిపోయింది. నిజంగా అదేనంటావే? అన్నాడు. అదే అన్నాను. అయితే ఆయనే ఇచ్చాడు, మనమేం చేస్తాం అని చీటీని మడిచి తలపాగాలో దోపుకున్నాడు. ఆయనే అంటే దేవుడు. దేవుడూ కాదు, పాడూ కాదు, నేను!

మోకరించలేడు గనక మర్నాటినుంచి తెల్లవారుజామున రోటికి ఆనుకుని, ఉన్న కాలు చాపుకుని కూర్చునేవాడు. మొదటి వారం ఆయన నోటినుంచి ఆ పేరు రాలేదు. ప్రభువా, ఆ మనిషి, అని ఆగిపోయేవాడు, తరువాత ఉత్తనే కూర్చునేవాడు. రెండోవారం ఎప్పుడో ఒకరోజు పేరు పలికాడు, పలికి ముళ్ళు మింగినట్టు దగ్గాడు. గడ్డివామి దగ్గర నేను, రోటి దగ్గర ఆయన, మధ్య పది అడుగులు ఉంటుందేమో. ఇటునుంచి నేను వాడు నాశనం కావాలని, అటునుంచి ఆయన వాడి పిల్లలకు జ్వరం తగ్గాలని. దేవుడు ఎవరి మాట విన్నాడో వేరే చెప్పక్కర్లేదు. ఆ నలభై రోజుల్లోనే మేస్త్రీకి జీతం పెరిగింది, పెద్ద కొడుక్కి రైల్వేలో ఉద్యోగం వచ్చింది, ఈనదనుకున్న వాళ్ళ ఆవు ఈనింది. నాకు పిచ్చెక్కిపోయింది. నా ట్రైనింగు సీటు మాత్రం రాలేదు. నాన్న బాధపడి, నీ చీటీ ఎవురికొచ్చిందో గాని మనసుపెట్టి చెయ్యలేదే అన్నాడు. నేను పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ తల ఎత్తలేదు.

ఈస్టరు నాడు సమాధుల దగ్గర ఆరాధన అయిపోయి అందరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుంటుంటే నాన్న కర్ర పోటు వేసుకుంటూ ఆ సమాధుల మధ్యనుంచి మేస్త్రీ దగ్గరికి నడిచాడు. జనం మాట్లాడటం ఆపేసి చూశారు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని, నలభై రోజులు నీకోసం చేశానన్నా అన్నాడు. మేస్త్రీ పాలిపోయాడు, ఒక్క క్షణం పెదవులు కదిలాయి. నిజం చెప్పేస్తాడనే అనుకున్నాను. అటూ ఇటూ చూశాడు, పేట పేటంతా చూస్తోంది. గొంతు సవరించుకుని, నాన్న భుజం తట్టి, పోన్లేరా తమ్ముడూ, నేనెప్పుడో క్షమించాన్లే, ఇకనన్నా బుద్ధిగా ఉండు అన్నాడు.

విన్నారా? వాడు క్షమించాడట! చుట్టూ ఉన్నవాళ్ళు, చూశారా, తప్పు ఒప్పుకుని కాళ్ళబేరానికి వచ్చాడు, తాగిన మాట నిజమేనన్నమాట అని తలలు ఊపుతూ చెప్పుకున్నారు. ఆ మాటలు నాన్నకూ వినపడ్డాయి. ఆయన చెయ్యి వదిలేసి కర్ర తీసుకుని ఇంటిదారి పట్టాడు.

ఇంటికి వచ్చాక నేను అరిచినట్టు నా జన్మలో ఎప్పుడూ అరవలేదు. తండ్రి అని కూడా చూడలేదు. ఆ దొంగ కోసం నలభై రోజులు ఏం అడిగావు, నీ కాలు తీసినవాడికి, నీ పేరు తీసినవాడికి ఏం కావాలని అడిగావు అని నిలదీశాను. నాన్న మంచినీళ్ళు తాగి, చెంబు పక్కన పెట్టి, ఆయుష్షు అడిగానే అన్నాడు. నిజం చెప్పేదాకా వాణ్ణి చంపమాకు ప్రభువా, ఎన్నేళ్ళు పట్టినా సరే, వాడికి టైం ఇయ్యి అని అడిగా, అదొక్కటే నా సొంతంగా అడిగింది, మిగతావన్నీ వాడి పిల్లలకి అన్నాడు. అది దయో, పగో నాకిప్పటికీ తెలియదు. ఆయనకు మాత్రం తెలుసా అని నా అనుమానం.

ఆ ఊపులో నేను చేసిన పని కూడా చెప్పేశాను. ఆ చీటీ దేవుడు ఇచ్చింది కాదు, నేను రాసింది, నా పేరు రాయమంటే వాడి పేరు రాశాను, వాడు నాశనం కావాలని రాశాను అన్నాను. కర్రతో కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. నాన్న నా ముఖంలోకి అలాగే చూసి, అయితే ఈ నలభై రోజులూ నీకోసం ఎవురూ చెయ్యలేదంటావే? అని అడిగాడు. లేదన్నాను. అయ్యో పిచ్చిదానా అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, ఆయనకూ వచ్చింది. మర్నాటినుంచి రోటి దగ్గర నా పేరు వినపడేది. మరుసటి ఏడు సీటు వచ్చింది, తరువాత సత్తెనపల్లి వైపు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు.

అయినా నేను మారలేదు, మారానని మీకు అబద్ధం చెప్పను. గడ్డివామి లేకపోతే బడి క్వార్టర్సులో, తరువాత మా సొంత ఇంట్లో, పొద్దున్నే మోకరించి మావారికోసం, పిల్లలకోసం గబగబా రెండు మాటలు చెప్పి, ఆ మనిషి దగ్గరికి వచ్చేసరికి నిదానంగా, మనసారా అడిగేదాన్ని. శిక్షలు కొన్ని మార్చాను, కొన్ని తగ్గించాను, పేరు మాత్రం ఒక్కరోజు తప్పలేదు. నాన్న పోయినప్పుడు సంఘ పెద్ద హోదాలో సమాధి దగ్గర ప్రార్థన చేసింది కూడా మేస్త్రీయే. కళ్ళు మూసుకుని మా నాన్న ఆత్మను దేవుడికి అప్పజెబుతుంటే, నేను కళ్ళు తెరిచి ఆయన గొంతు కింది ఎముకను చూస్తూ నిలబడ్డాను.

రెండేళ్ళ కిందట మేస్త్రీ కోడలు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మాచర్లలో చిన్నకొడుకు ఇంట్లో ఉన్నాడట, తొంభై దగ్గర పడ్డాయి, భార్య పోయింది, రైల్వేలో ఉన్న పెద్దకొడుకు పోయాడు, ఈయన మాత్రం మూడేళ్ళుగా మంచంలో ఉన్నాడు, ఎంతమంది వచ్చి ప్రార్థన చేసినా ప్రాణం పోదు, ఊ అంటే మీ పేరు అంటున్నాడమ్మా అంది. వెళ్ళాను. జాలితో కాదు, చూసి సంతోషిద్దామని వెళ్ళాను.

మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. గొంతు మాత్రం ఉంది. నన్ను గుర్తుపట్టి, ఆరోజు ఈల ఊదలేదమ్మాయ్ అన్నాడు. ఈల ఇంటికాడ మర్చిపోయా, చిన్నోడు ఆడుకుంటా మంచం కింద పెట్టాడు, నోటితో అరిచా, లారీల మోతకి ఇనపళ్ళా, మీ నాన్న తాగలేదు అన్నాడు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆ చిన్నోడికి ఇప్పుడు జుట్టు నెరిసింది, గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయాడు పాపం. ఇంత చిన్న సంగతా? ఒక ఈల మరచిపోయాను అని ఆనాడే చెప్పి ఉంటే నాన్న నవ్వేసి ఊరుకునేవాడు. నాకు చెబితే చాలదు, గుడికి చెప్పు అన్నాను. ఊరికే వదలలేదు, మా పల్లె పాస్టరుగారికి ఫోను చేసి, ఇద్దరు పెద్దలతో సహా అప్పటికప్పుడు రప్పించి, ఆ ముసలాయన చేత వాళ్ళ ముందు మళ్ళీ మొత్తం చెప్పించాను. చెబుతూ రొప్పుతుంటే కూడా ఆపమనలేదు. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు అంతా విని, నన్ను పక్కకు పిలిచి, మీ నాన్నగారి పేరేమిటమ్మా అని అడిగాడు.

ఆదివారం ఆయన గుడిలో ఆ సంగతి ప్రకటించాడు, గుడి కొత్త కప్పు చందాల ప్రకటనకూ పెళ్ళి ప్రకటనకూ మధ్య. నేను వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నాను. ఎవరూ తల తిప్పి చూడలేదు. నాన్న తాగాడని తలలు ఊపినవాళ్ళందరూ సమాధుల దగ్గరే ఉన్నారు. వేలిముద్రలు వేసినవాళ్ళు లేరు, క్వారీ లేదు, అక్కడ నీళ్ళు నిలిచి గేదెలు పడుకుంటున్నాయి. ఆ ప్రకటన విని అర్థం చేసుకున్నది నేనొక్కదాన్నే. నిజం చెప్పిన తొమ్మిదో రోజున మేస్త్రీ పోయాడని కబురు వచ్చింది.

ఇప్పుడు మా సంఘంలో కుండలూ చీటీలూ లేవు, వాట్సాప్ గ్రూపు ఉంది. వీసా అనీ, స్కానింగు అనీ, స్థలం రిజిస్ట్రేషను అనీ పెడితే నిమిషంలో యాభై జతల చేతులు దణ్ణం పెట్టేస్తాయి. తప్పని అనను, వాళ్ళ కాలం వాళ్ళది. కాని ఒక్క పేరు పట్టుకుని నలభై పొద్దులు రోటికి ఆనుకుని కూర్చోవడం, ఆ పేరు గొంతులో అడ్డం పడటం, అడ్డం పడినా మింగి మళ్ళీ పలకడం, ఆ పిల్లకు నేను ఏం చెప్పి అర్థం చేయించను? ప్రార్థన వల్ల శాంతి కలుగుతుందని అందరూ చెబుతారు, నాకేమీ కలగలేదు. నన్ను నలభై ఏళ్ళు రోజూ పొద్దున్నే దేవుడి ముందుకు లాక్కొచ్చి కూలేసింది ఆ పగే. ఆ మనిషే లేకపోతే నేను మోకరించేదాన్నే కాదేమో, కట్టుకున్నవాడి పేరుకన్నా, కన్నపిల్లల పేర్లకన్నా దేవుడి దగ్గర నేను ఎక్కువసార్లు పలికింది ఆ పేరే.

మా సంఘంలో చనిపోయినవాళ్ళకోసం ప్రార్థన చేయరు, చేయకూడదంటారు. నాకూ తెలుసు, పిల్లలకు నేనే నేర్పాను. మొన్న తెల్లవారి మంచం పట్టుకుని మోకరించి, మావారు, పిల్లలు, మనవడు అయ్యాక, నోరు అలవాటు చొప్పున ఆ పేరు అనేసింది. అన్నాక ఏం అడగాలో తోచలేదు. శిక్ష అడగడానికి మనిషి లేడు, ఆయుష్షు అడగడానికీ లేడు. ఆ పేరు పక్కన మా నాన్న పేరు కూడా చెప్పి, ఆమెన్ అని లేచాను.